కానుగ నూనె మేడం గారు

మా కెమిస్ట్రీ మేడం గారు పోయారన్న కబురు నాకు పాలమనిషి తెచ్చింది. రోజూ ఆవిడకి పోశాకే మా ఇంటికి వస్తుంది. ఆ వేళ తెల్లారుతూనే వచ్చి, గుమ్మంలో క్యాను దించి, కొలత గ్లాసు చేత్తో పట్టుకుని అలా నిలబడిపోయింది.

"సివరింటి మేడమ్ గోరు పోనారమ్మా," అంది. "ఎంత తలుపు కొట్టినా పలక్కపోతే ఇంటోళ్ళని లేపినాను. నిద్దట్లోనే పోనారంట. ఆరి పాలు ఎవులికి పొయ్యాలో తెలక ఇలగ తెచ్చీసినాను."

గిన్నె తెచ్చి పట్టాను. ఆవిడ వంతు పాలు కూడా అందులోనే పోసి, కొంగుతో కళ్ళొత్తుకుని, తక్కిన ఇళ్ళకి వెళ్ళిపోయింది. ఆ పాలు ఏం చేయాలో నాకూ తెలియలేదు. కాచి, మూత పెట్టి, చెప్పులేసుకుని బయల్దేరాను.

అక్కడ చేరినవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అడుగుతున్న మాట ఒక్కటే, ఆవిడకి ఎవరున్నారు అని. రాజమండ్రి వైపు పినతల్లి పిల్లలున్నారని నాకు లీలగా తెలుసు. ఇంటివారి అబ్బాయి టెలిగ్రాం ఇవ్వడానికి వెళ్ళాడు. ఈలోగా ఇంటావిడ నా దగ్గరికి వచ్చి, "మీరు మేడం గారికి ఏమవుతారండీ?" అని అడిగింది. ఇన్నేళ్ళుగా నేను ఆ గుమ్మం తొక్కడం చూస్తున్న మనిషే. "కలిసి పనిచేశామండీ," అన్నాను. అంతకంటే పెద్ద చుట్టరికం నా దగ్గర లేదు.

చుట్టాలు సాయంత్రం బస్సుకి దిగారు. చేయవలసినవి చేశారు, మర్నాడు వెళ్ళిపోయారు. వాళ్ళని తప్పు పట్టడానికి లేదు. వాళ్ళకి ఆవిడ పెళ్ళిళ్ళకి వచ్చి, ఓ పక్క కుర్చీలో కూర్చుని, భోజనం కాగానే బస్సు టైమైందని లేచిపోయే అక్కయ్య. ఆవిడ ఏ పని మీద అన్నేళ్ళు గడిపారో వాళ్ళకి తెలియదు. అది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలానని ఇంటికి నడిచి వస్తుంటే తట్టింది. చాలా దిగులేసింది. అందుకే ఇది రాస్తున్నాను.

మీలో చాలామందికి ఆవిడ పేరు చెప్పినా తెలియదు కనక చెప్పను. నర్సీపట్నంలో ఆ రోజుల్లో చదువుకున్నవాళ్ళకి మాత్రం "కానుగ నూనె మేడం" అంటే చాలు.

నేను ఆ కాలేజీలో జువాలజీ డిమాన్‌స్ట్రేటరుగా చేరింది డెబ్బైల మధ్యలో. మాది రావికమతం దగ్గర రైతు కుటుంబం. నా చదువుకి ఇంటికి దగ్గరలో ఉద్యోగం దొరికిందని మా నాన్న చెరుకు బండి తోలుతూ దారిలో కనపడ్డ వాళ్ళందరికీ చెప్పుకున్నాడు. చేరిన మొదటి రోజే వరండాలో కుర్రాళ్ళు అనుకుంటున్నారు, కానుగ నూనె మేడం వస్తోందని. చూస్తే పొడుగాటి మనిషి, గంజి పెట్టిన నేత చీర, చేతిలో గొడుగు. ఆవిడ కంటే ముందు ఆ వాసన వచ్చింది. కానుగ నూనె వాసన తెలియని వాళ్ళకి ఎలా చెప్పాలో నాకు తెలియదు. మా ఊళ్ళో దీపాలకీ, పశువుల పుళ్ళకీ వాడేవాళ్ళు. చేదు వాసన, వెళ్ళి గొంతులో కూర్చుంటుంది. అది ఒంటికి పూసుకుని కాలేజీకి వచ్చే మేడం ఏమిటి చెప్మా అనుకున్నాను. పూసుకోవడం లేదు, వండుతున్నారని తర్వాత తెలిసింది.

ఆవిడ మాట తక్కువ మనిషి. నేను దానికి పూర్తిగా ఎదురు. స్టాఫ్ రూములో నేను మా అత్తగారి సంగతుల దగ్గర్నుంచి సినిమా హాలు సంగతుల దాకా చెబుతుంటే, ఆవిడ పేపర్లు దిద్దుకుంటూ వినేవారు. చివరికి తలెత్తి, "అయిందా?" అనేవారు.

"అయింది మేడం."

"అయితే మైక్రోస్కోపు బీరువా తాళం ఇవ్వు."

మా స్నేహం ఆ తాళంతో మొదలైంది. ఆ మైక్రోస్కోపు ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

నర్సీపట్నం దాటితే కొండలు. ఆ కొండల మీది ఊళ్ళ నుంచి ఆడపిల్లలు దిగి వచ్చి, ఊరి చివర హాస్టల్లో ఉండి చదువుకునేవారు. చిన్నవాళ్ళు బడికి, పెద్దవాళ్ళు మా కాలేజీకి. హాస్టలంటే ఇరుకు. ఒక చాప మీద ఇద్దరు ముగ్గురు పడుకుంటారు. ఒక పిల్లకి గజ్జి వస్తే వారం తిరక్కుండా చాప చాపకీ పాకుతుంది. గజ్జి అనగానే మనకి ఓ చులకన, మురికివాళ్ళకి వచ్చేదని. నిజానికి అదొక పురుగు. కంటికి ఆనదు. చర్మంలో సొరంగం తవ్వుకుని అందులోనే గుడ్లు పెడుతుంది. దానికి అంటుకోవడానికి మనిషి దొరికితే చాలు, కలెక్టరు గారైనా ఒకటే.

నేను చేరకముందు మేడం గారి ఇంటర్ క్లాసులో ఒక కొండ ఊరి అమ్మాయి ఉండేదట. గజ్జికి ఇంటి నుంచి తెచ్చుకున్న కానుగ నూనె రాసుకునేది. దురద తగ్గేది, కానీ ఆ వాసనకి పక్క పిల్లలు బెంచీ మారిపోయేవారు. వాసన పడలేక నూనె మానేస్తే మళ్ళీ గోకుళ్ళు, మళ్ళీ పక్కవాళ్ళు జరగడం. "వెనక బెంచీలో ఒక్కర్తీ కూర్చునేది. తర్వాత అదీ మానేసింది," అని మేడం గారు నాకు ఒక్కసారే చెప్పారు. ఆ అమ్మాయి ఏమైందో ఆవిడకి తెలియలేదు. ఆ వెనక బెంచీ మాత్రం ఆవిడ మనసులోంచి పోలేదని నాకు అర్థమైంది.

ఆవిడ ఆలోచన సులువైనదే. కానుగ నూనెలో పురుగుని చంపేది ఏదో ఉంది. వాసన పెట్టేది వేరే ఏదో ఉంది. ఆ రెండింటినీ విడదీస్తే, పిల్లలు రాసుకుని ధైర్యంగా ముందు బెంచీలో కూర్చోవచ్చు. నూనెలో ఎక్కువ భాగం ఓలియిక్ యాసిడ్ అనే ఫ్యాటీ యాసిడ్, పేరుకే యాసిడ్ గాని ఒంటిని కాల్చదు. పనిచేసేది అదేనని ఆవిడ అనుమానం. విశాఖపట్నంలో ఆవిడ పరిశోధన గైడు మాత్రం, అది కాదు, ఆ నూనెలోని చేదు పదార్థమే పురుగుని చంపుతుందని వాదించేవారు. తన అనుమానం రుజువు చేయడానికే ఆవిడ పీహెచ్‌డీకి పేరు నమోదు చేయించుకున్నారు. అప్పటికే ఆవిడ నడివయసులో ఉన్నారు. ఈ వయసులో డాక్టరేటు ఎందుకండీ అని ప్రిన్సిపాలు గారు నవ్వితే, ఆవిడ కూడా మర్యాదగా నవ్వి ఊరుకున్నారు.

క్లాసులైపోయాక ల్యాబులో ఆవిడ వంట మొదలయ్యేది. నూనెలో కాస్టిక్ సోడా వేసి కాస్తే సబ్బు అవుతుంది. ఆ సబ్బు నీళ్ళలో ల్యాబులో వాడే ఘాటు యాసిడ్ పోస్తే కొవ్వంతా విడిపోయి పైకి తేలుతుంది. దాన్ని స్పిరిట్‌లో కలిపి చల్లబెడితే, గడ్డకట్టే కొవ్వులు అడుగున కూర్చుంటాయి, గడ్డకట్టనిది పైన తేటగా నిలుస్తుంది. ఆవిడకి కావలసిన ఓలియిక్ యాసిడ్ ఆ తేటే. కరెంటు నమ్ముకోలేని ఊళ్ళో చల్లబెట్టడం ఎలా? ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మ తెప్పించి, గోనెపట్టాలో చుట్టి, కొట్టి, ఉప్పు కలిపి, అందులో సీసాలు పాతేవారు. చేపల వాళ్ళ కంటే మేడం గారే ఎక్కువ ఐసు కొంటారని ఊళ్ళో ఒక మాట ఉండేది.

నా పని పురుగుల్ని చూడడం. పిల్లల వేళ్ళ సందుల్లోంచి మెల్లగా గీరిన పొట్టుని గాజు పలక మీద పెట్టి మైక్రోస్కోపు అద్దంలో చూసి, పురుగుందో లేదో చెప్పాలి. నేను తొందర మనిషిని. "తగ్గిపోయినట్టే ఉంది మేడం," అనేదాన్ని. "చూసింది చెప్పు. అనుకున్నది తర్వాత చెబుదువు గాని," అనేవారు. ఏమీ తేలని రోజున నేను నసుగుతుంటే, "తెలీదు అని రాయడానికి సిగ్గెందుకు?" అనేవారు. ఈ రెండు మాటలూ తర్వాత నా క్లాసుల్లో నేను చాలాసార్లు వాడుకున్నాను. నావే అనుకుని పిల్లలు మెచ్చుకుంటే కాదని చెప్పేదాన్ని, ఒకరి మాట నాదని ఒప్పేసుకుంటే బాగుండదు కదా.

ఆవిడ ఇల్లు ఒక వంటిల్లు, ఒక గది. ఎప్పుడు వెళ్ళినా ఒక కంచం, ఒక గ్లాసు కడిగి బోర్లించి ఉండేవి. నేను వెళితే రెండో గ్లాసు కోసం పై అరలో వెతికేవారు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి, "కుదరలేదండీ," అనేవారు. నేనూ అంతకు మించి తెలుసుకోలేదు. బయటికి బయల్దేరినప్పుడు గుమ్మంలో నిలబడి "వెళ్ళొస్తాను" అనేవారు. ఎవరికి చెబుతున్నారు మేడం అని ఆటపట్టిస్తే, "తాళానికి," అన్నారు. మార్కెట్లో కూరల మనిషి కూడా ఊరుకునేది కాదు. "రెండు వంకాయలు తూకానికి రావు మేడమ్ గోరూ, ఇంకో నాలుగు ఎయ్యమంటారేటి?" అనేది. "వండితే మిగిలిపోతుందమ్మా," అని ఆవిడ ఆ రెండే సంచిలో వేసుకునేవారు. నేను నవ్వేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు.

యాసిడ్ తయారయ్యాక ప్రభుత్వ డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం. మంచివారు, కాస్త విసుగు మనిషి. ఆయన ఇచ్చే తెల్లమందు పనిచేసేది, కానీ గోకుళ్ళు పడ్డ చర్మానికి మంట పెట్టేది. పిల్లలు రాయించుకుని, ఆయన అటు వెళ్ళగానే ఇటు కడిగేసుకునేవారు. "మీది మంట పెట్టదంటే చూడండి. తగ్గకపోతే మాత్రం నా మందే," అన్నారు. సంత రోజున కిందికి దిగిన తల్లిదండ్రులకి కూడా మేడం గారు విషయం చెప్పి ఒప్పించారు.

పిల్లల్ని రెండు జట్లు చేశాం. ఒక జట్టుకి నీలం దారం కట్టిన సీసాలు, ఇంకో జట్టుకి తెల్ల దారం సీసాలు. ఒక దారం సీసాల్లో కొబ్బరినూనెలో కలిపిన యాసిడ్, ఇంకో దారం సీసాల్లో ఉత్త కొబ్బరినూనె. ఏది ఏదో పిల్లలకి తెలియదు, అద్దంలో చూసేదాన్ని కనక నాకూ చెప్పలేదు. సీసాలు పంచుతూ మేడం గారు తన చెయ్యి చాచి, ఎలా రాసుకోవాలో మోచేతి దాకా రాసి చూపించారు. "ఎవరి సీసా వాళ్ళే ముట్టుకోవాలి. ఎవరి మందు వాళ్ళే రాసుకోవాలి," అని గట్టిగా చెప్పారు. పిల్లలు బుద్ధిగా తలలూపారు.

గడువు అయ్యేసరికి పిల్లల వేళ్ళు మానాయి. నేను పలక తర్వాత పలక చూస్తూ సంబరపడిపోయాను. అప్పుడు ఆవిడ ఏ దారంలో ఏముందో చెప్పారు. రెండు జట్లూ ఒక్కలాగే మానాయి. ఉత్త కొబ్బరినూనె రాసుకున్నవాళ్ళకీ తగ్గింది, యాసిడ్ రాసుకున్నవాళ్ళకీ తగ్గింది. ఆవిడ కుర్చీ లాక్కున్నారు కానీ కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డారు.

విశాఖపట్నం నేనూ వెంట వెళ్ళాను. గైడు గారు అంతా చూసి, "కొబ్బరినూనెకీ మీ యాసిడ్‌కీ తేడా లేదంటే, మీ యాసిడ్‌లో ఏమీ లేదనే కదమ్మా అర్థం," అన్నారు. ఆయన మాటలో వెటకారం లేదు, నిజంగానే బాధపడ్డారు. తిరుగు బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, అనకాపల్లి దాటాక అన్నారు, "ఎక్కడో తప్పు చేశాను. ఎక్కడో తెలియడం లేదు." మామూలు కొబ్బరినూనెకి పోయే గజ్జి కాదు అది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

ఆ తప్పు ఒక ఆదివారం పొద్దున బయటపడింది. మేం ఎప్పుడూ హాస్టలుకి సాయంత్రాలే వెళ్ళేవాళ్ళం, అప్పటికి పిల్లలు మందు రాసుకోవడం అయిపోయేది. ఆ రోజు ఖాళీ సీసాలు తెచ్చుకుందామని పొద్దున్నే వెళ్ళాం. కొందరి సీసాల్లో ఇంకా మందు మిగిలి ఉంది. వరండాలో ఎండ పడుతోంది. పిల్లలందరూ ఒకరి వెనక ఒకరు వరసగా కూర్చుని ఉన్నారు. ప్రతి పిల్లా తన ముందున్న పిల్ల వీపుకి రాస్తోంది. కాసేపటికి పెద్ద పిల్ల ఒకర్తి "తిరగండే" అంది. అందరూ గిర్రున వెనక్కి తిరిగి, ఇప్పటిదాకా తమకి రాసిన పిల్ల వీపు అందుకున్నారు. వాళ్ళ చేతుల పక్కనే సీసాలు. నీలం దారం, తెల్ల దారం కలిసిపోయి ఉన్నాయి.

మేడం గారు వంగి రెండు సీసాలు చేతిలోకి తీసుకుని దారాలు చూశారు. తర్వాత ఆ పెద్ద పిల్లని పిలిచి మెల్లగా అడిగారు. "నీ మందు నువ్వే రాసుకోమన్నాను కదమ్మా?"

"నానే రాసుకున్నానండి. సేతులకీ కాళ్ళకీ నాదే. ఈపుకి నా సెయ్యి అందదు కదండి. ఈపుకి ఎనకున్న అమ్మి రాసింది."

"ఆ అమ్మాయి ఏ సీసాతో రాసింది?"

"తన సీసాతోనే అండి. ఎవులి సీసా ఆళ్ళే ముట్టుకోవాలని మీరు సెప్పినారు కదండి."

పిల్లలు చెప్పినట్టే చేశారు. ఒక్కరూ ఇంకొకరి సీసా ముట్టుకోలేదు. తెల్ల దారం పిల్లలకి నీలం దారం పిల్లలు రాశారు, వీళ్ళకి వాళ్ళు రాశారు. అందరి చేతులకీ అందరి మందూ అంటింది. ఎవరికి దేనివల్ల తగ్గిందో ఇక దేవుడే చెప్పాలి. నాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు. దారిలో గొడుగు తెరవడం కూడా మర్చిపోయి ఎండలోనే నడుస్తూ అన్నారు.

"నా తలంటు నేనే పోసుకుంటాను కదా. వీపు మీద ఎంతవరకు చెయ్యి అందితే అంతవరకే నూనె. ఇన్నేళ్ళుగా అంతే. లోకంలో అందరూ అలాగే రాసుకుంటారనుకున్నాను."

అంతే అన్నారు. నేను ఆవిడ చేతిలోంచి గొడుగు తీసుకుని, తెరిచి పట్టాను.

గైడు గారు ఈ సంగతి విని ఉత్సాహపడ్డారు. అయితే మళ్ళీ చేయండి, రెండు జట్లనీ వేరు గదుల్లో పెట్టండి, ఒకరి చెయ్యి ఒకరికి తగలనివ్వకండి, తేలిపోతుంది అన్నారు. ఆవిడ రిజిస్ట్రేషను గడువు ఆ ఏడాదితో సరి. ఇదే ఆఖరి అవకాశం. వేసవి సెలవులయి పిల్లలు కొండ దిగి వచ్చేసరికి గజ్జి మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఐసు దిమ్మలు, మళ్ళీ కానుగ వాసన.

గదులు పంచేటప్పుడు నేనన్నాను, "ఒక ఊరి పిల్లల్నీ, స్నేహితుల్నీ ఒకే గదిలో పెడదాం మేడం, గొడవుండదు." ఆవిడ ఆ వరండా వైపు చూపించి, "ఆ వరసలో ఎక్కడ కొయ్యమంటావు?" అన్నారు. నిజమే. ఈ పిల్ల ఆ పిల్లకి ఊరు, ఆ పిల్ల ఇంకో పిల్లకి చుట్టం, ఆ చుట్టం ఇంకొకరికి చాప నేస్తం. ఎక్కడ తెంపినా ఎవరో ఒకరు అటుపోతారు. చీట్లు వేసి రెండు గదులు చేశాం. మధ్య తలుపుకి గడియ పెట్టాం.

ఈసారి తేడా కనపడడం మొదలైంది. నాకు జట్ల సంగతి తెలియకపోయినా, ఒక గది పిల్లల పలకల్లో పురుగులు తగ్గుతున్నాయి, ఇంకో గది పిల్లల్లో లేదు. ఏ గదిలో ఏ మందో ఆవిడ మొహం చూస్తే తెలిసిపోయేది. ఆవిడ అంత కులాసాగా ఉండడం నేను అంతకుముందు చూడలేదు. ఓ సాయంత్రం మిరపకాయ బజ్జీలు కూడా కొనిపించారు.

మర్నాడు మేం వెళ్ళేసరికి ఒక చిన్న పిల్ల గది తలుపు చెక్కకి వీపు రాపాడించుకుంటోంది. ఆ ఏడే కొత్తగా వచ్చింది, ఇంకా హాస్టలుకి అలవాటు పడలేదు. గౌను వెనక తడి. మేడం గారు గౌను పైకెత్తి చూస్తే వీపంతా చీరుకుపోయి ఉంది.

"మందు రాసుకోలేదా అమ్మా?"

"అక్క రాయనేదండి."

వాళ్ళ ఊరి పెద్ద పిల్ల ఒకర్తి ఉంది, ఈ పిల్లకి తల దువ్వేదీ పక్కన పడుకోబెట్టుకునేదీ ఆమె. చీట్లలో ఆమె అవతలి గదికి వెళ్ళింది.

"ఈ గదిలో ఇంతమంది ఉన్నారు కదా. వాళ్ళు రాస్తామంటే?"

"ఆళ్ళు మా అక్క కాదండి," అంది ఆ పిల్ల. ఏడవడం లేదు. అది మామూలు విషయం అన్నట్టు చెప్పింది.

మేడం గారు వెళ్ళి మధ్య తలుపు గడియ తీశారు. నాకు అర్థమై, చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళాను. ఆవిడతో అంత గట్టిగా మాట్లాడింది అప్పుడే.

"మేడం, పనిచేస్తోంది. నేను చూస్తున్నాను. ఇంకో రెండు వారాలు ఆగండి."

"ఏమో. అలా కనపడాలని నీకు ఉంది కాబట్టి కనపడుతోందేమో."

"అది తేలాలంటేనే పూర్తి చేయాలి. డిగ్రీ పోతుంది మేడం."

"ఆ పిల్ల వీపు చూశావా?"

"చూశాను. రెండు వారాల్లో అదీ మానుతుంది."

"ఆ రెండు వారాలూ ఆ పిల్లవి. నావి కావు," అన్నారు.

నాకు ఇప్పటికీ ఆవిడ మీద కోపమే. దాచుకోవడం దేనికి? ఆ రెండు వారాలు ఓర్చుకుంటే తర్వాత ఎన్ని హాస్టళ్ళలో ఎంతమంది పిల్లలకి మంట లేని మందు దొరికేదో. లేకపోతే గైడు గారే సరైనవారని తేలేది, అదైనా ఒక జవాబే కదా. ఇప్పుడు రెండూ లేవు. ఆ ఫ్యాటీ యాసిడ్ గజ్జి పురుగుని చంపుతుందో లేదో మేడం గారు తెలుసుకోకుండానే పోయారు. ఆవిడతో చాలాసార్లు వాదించాను. ఆవిడ వినేవారు, "అయిందా?" అనేవారు. అంతే.

పేరు ముందు డాక్టర్ అని పడలేదు. గైడు గారి దగ్గర్నుంచి రావడం ఆగిపోయిన కార్డుల గురించి గానీ, కాలేజీలో వెనక నవ్వుకున్నవాళ్ళ గురించి గానీ ఆవిడ ఒక్క మాట అనలేదు. కొన్నాళ్ళకి చీరల్లోంచి కానుగ వాసన పోయింది. కొత్తగా చేరిన పిల్లలకి ఆ పేరు ఎందుకు వచ్చిందో తెలియకుండానే వాడుకలో మిగిలింది. ఎనభైల్లో రిటైరై, ఆ ఒక్క గదిలోనే ఉండిపోయారు. వేరే ఊరు వెళ్ళడానికి ఆవిడకి వేరే ఊరు లేదు. నేను వారానికోసారి వెళ్ళేదాన్ని. ఆవిడ వినేవారు, నేను చెప్పేదాన్ని. వచ్చేటప్పుడు ఎప్పుడూ వీధి మలుపు దాకా వచ్చి నిలబడేవారు. నేను వెనక్కి చూస్తే వెళ్ళు వెళ్ళు అన్నట్టు చెయ్యి ఊపేవారు. ఆ మనిషి ఇంట్లోకి వెళ్ళి ఎవరితో మాట్లాడుతుందా అని ప్రతిసారీ అనుకుంటూ నేను నా పిల్లల గోలలోకి వచ్చి పడేదాన్ని.

ఆ తలుపు తీసిన తర్వాతి ఆదివారం సంగతి ఒకటి మిగిలింది. నేను ఆవిడతో ఇంకా సరిగా మాట్లాడడం లేదు, అయినా వెంట వెళ్ళాను. మిగిలిన యాసిడంతా దారం లేని ఒకే పెద్ద సీసాలో పోసి తెచ్చారు ఆవిడ. దానికి తగ్గనివాళ్ళకి డాక్టరు గారి తెల్లమందు రాద్దామని అదీ తెచ్చారు. పిల్లలు వరండాలో వరసగా కూర్చున్నారు. పెద్దపిల్ల తన చిన్నపిల్లని వెతుక్కుని తెచ్చి ముందు కూర్చోబెట్టుకుంది. వరస చివర మిగిలిన ఒక పిల్ల వెనక ఎవరూ లేరు. మేడం గారు చెప్పులు విడిచి, గంజి చీర నలుగుతుందని కూడా చూసుకోకుండా, వెళ్ళి ఆ పిల్ల వెనక బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. అరచేతిలో నూనె పోసుకుని, రెక్కల మధ్య, వెన్ను వెంట, నడుం దాకా, ఎక్కడా వదలకుండా రాశారు. ల్యాబులో ఉన్నప్పటి మొహమే, అంత శ్రద్ధగా ఉంది.

"తిరగండే," అంది పెద్ద పిల్ల.

వరసంతా గిర్రున తిరిగింది. అప్పటికే మేడం గారు లేచి, చీర దులుపుకుంటూ మెట్ల వైపు నడుస్తున్నారు. ఆ చివరి పిల్ల వెనక్కి తిరిగేసరికి ఎదురుగా ఎవరూ లేరు. ఆ పిల్ల నూనె చేతులు రెండూ అలా ముందుకి చాపి పట్టుకుని, వెళ్ళిపోతున్న ఆవిడ వీపు కేసి చూస్తూ కూర్చుంది.